సీతాదేవి వయస్సు

రామాయణమును గూర్చి మనవారు అడుగని ప్రశ్న లేదు. లంక యెక్కడ నున్నది, వాలిని చాటునుండి కొట్టుట ధర్మమా, ఉత్తరకాండము వాల్మీకి రచనయేనా యని పండితులు తరతరములుగా తర్కించుచునే యున్నారు. భూప్రవేశము చేయునాటికి సీతాదేవి వయస్సెంత యని యడిగినవారు మాత్రము మాకింతవఱకు తటస్థపడలేదు. మేమును అడుగలేదు. ఇరువదియేండ్లుగా బడిలో పిల్లలకు ఆ కథ చెప్పుచున్నాము; ఆ తల్లికి వయస్సనునదొకటి యుండునని మాకే తోచలేదు.

లెక్క కష్టమైనది కాదు. అరణ్యకాండములో, సన్న్యాసి వేషముతో వచ్చిన రావణునకు సీత తన వృత్తాంతమును చెప్పుకొనుచు, అడవికి బయలుదేఱునాటికి తనకు 18 ఏండ్లనియు, భర్తకు 25 ఏండ్లనియు, అంతకుముందు 12 ఏండ్లు అత్తవారింట నుంటిననియు చెప్పినది. తీసివేసి చూచినచో పెండ్లినాటికి ఆఱేండ్లు తేలును. అది మన చదువరులకు ములుకువలె గ్రుచ్చుకొనునని యెఱుగుదుము గాని, దాని జోలికి ఇప్పుడు పోము. పదునాలుగేండ్ల వనవాసము కలుపగా 32. ఉత్తరకాండములో, కుశలవులు పుట్టిన రాత్రి శత్రుఘ్నుడు వాల్మీకి యాశ్రమమున బసచేసెను. పండ్రెండవయేట ఆ త్రోవనే మరల వచ్చి రామకథాగానమును వినెను. అశ్వమేధము దాని తరువాతిది. రాముడు వేలకొలది యేండ్లు రాజ్యమేలెనను పురాణపు లెక్కను ప్రక్కనుంచి మనుష్యుల లెక్కను పట్టుకొన్నచో, యజ్ఞశాలలో సభ యెదుట నిలిచిన సీతకు ఇంచుమించు 45 ఏండ్లుండవలెను.

ఈ లెక్క తేలిననాడు మేము గ్రంథము మూసి కొంతసేపు ఊరకుంటిమి. నలువదియైదేండ్ల స్త్రీ! మా యక్కగారి యీడు. ఇద్దఱు కొడుకులను ఒంటిచేతితో పెంచి, చెంపలు నెఱయనారంభించిన స్త్రీ. మన మెఱిగిన సీత యీమె కాదు. గోడలమీది పటములలో సీత పదియాఱేండ్ల బాలిక. కొడుకులు విల్లు పట్టిన పటములో సయితము వారికి అక్కవలె నుండును. 1963 లో వచ్చిన లవకుశ చలనచిత్రమునకు మన పల్లెలవారు బండ్లు కట్టుకొని పోయిరని పెద్దలు చెప్పుదురు. అందలి సీతను చూచి కంటతడి పెట్టని యిల్లాలు లేదట. కన్నీటికి వయస్సుతో పని లేదు గదా!

తప్పు చిత్రకారులది కాదు. మన యలంకారశాస్త్రమునందే యిది కలదు. లాక్షణికులు నాయికను ముగ్ధ యనిరి, మధ్య యనిరి, ప్రగల్భ యనిరి. ఆపై మెట్టు లేదు. అటుపిమ్మట స్త్రీ కావ్యములో కనబడినచో తల్లిగానో, దాదిగానో, తాపసిగానో కనబడును. ఆమెయే కథకు కేంద్రమగుట అరుదు. ధర్మశాస్త్రమును చూచినను ఇంతే. గృహస్థుడు తన యొడలి ముడుతలను, నెఱసిన వెండ్రుకలను, కొడుకునకు కొడుకును చూచిన పిమ్మట అడవికి పోవలెనని మనువు విధించెను. నడివయస్సు దాటిన పురుషునకు ఇట్లొక క్రొత్త యాశ్రమము, క్రొత్త పేరు, క్రొత్త సాధన ఏర్పడినవి. మఱి భార్య? ఆమెను కొడుకులకు అప్పగింపవచ్చును, లేదా వెంట తీసికొని పోవచ్చును. ఆమెకేమి కావలెనని యెవ్వరును అడుగలేదు. ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడుచునప్పుడు భార్యలిద్దఱకును ఆస్తి పంచబోగా, మైత్రేయి తానే నోరు తెఱచి తనకేమి కావలెనో చెప్పెను. అందువలననే ఆమె పేరు మనకు మిగిలినది. కాత్యాయని నోరు తెఱచినట్లు గ్రంథమున లేదు. ఆమెకు ఆస్తి వచ్చియుండును.

ఇంత యుపోద్ఘాత మెందుకనగా, మేమిప్పుడు విమర్శింపబూనిన పుస్తకము మాచేత ఈ లెక్క కట్టించినది. ఓల్గా గారి ‘విముక్త’ 2010 లో వెలువడినది. 2015 లో దీనికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 2016 లో ఆంగ్లానువాదము వచ్చి, తెలుగు రానివారికిని అందినది. 1987 నాటి ‘స్వేచ్ఛ’ నవలతో పేరుపొందిన ఈ రచయిత్రి 1950 లో జన్మించిరి. అనగా అఱువదేండ్ల ప్రాయమున ఈ కథలు వెలువరించిరి. అది ఎన్నదగిన సంగతియే యని మాకు తోచినది. కథలు ఐదు: సమాగమము, మృణ్మయనాదము, సైకతకుంభము, విముక్త, బంధితుడు. మొదటి నాలుగింటను సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసికొనును. కడపటిది రామునిది.

ఇతిహాసమును తిరుగవ్రాయుట మనకు క్రొత్త కాదు. భవభూతి తిరుగవ్రాసెను. చలము గారి నాటికలో సీత అగ్నిప్రవేశమునకు ముందు రాముని నిలదీసినది; అది ముప్పదియేండ్ల స్త్రీ కోపము, భగ్గున మండి చల్లారును. ఓల్గా గారి సీతకు కోపము తక్కువ. ఆమెకు తీరిక యున్నది. వాల్మీకి ఒక్క గంతులో దాటిపోయిన ఆ పండ్రెండేండ్లను రచయిత్రి పట్టుకొని, వానిలో ఏమి జరిగియుండునని యడిగిరి. అడవిలో విడువబడిన స్త్రీ పండ్రెండేండ్లు ఏడ్చుచునే కూర్చుండదు. కొడుకులు పెరుగుచుందురు, ఋతువులు మాఱుచుండును, పాత మాటలు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆమె ఆలోచించును. ఆ యాలోచనయే యీ పుస్తకము.

సమాగమమను కథ మా మతమున ఐదింటిలో మేలైనది. కుశలవులు అడవిలో నొక తోటనుండి అపూర్వమైన పూలు తెత్తురు. తోట యజమానురాలు కురూపి యని బాలురు చెప్పుదురు. ముక్కు చెవులు లేని ఆ స్త్రీ యెవరో సీత పోల్చుకొనును. తానే బయలుదేఱి పోయి చూచును. ఆనాడు పంచవటిలో తన యెదుట నవ్వులపాలై, ఖడ్గమునకు గుఱియైన శూర్పణఖ యీమెయే. ఇన్నేండ్లు ఆమె యేమి చేసినదో విందుము. అందము పోయిన పిమ్మట అందమైన ప్రతి వస్తువును ద్వేషించినది, పగతో రగిలినది, తన ముఖమును తానే చూచుకొనలేకపోయినది. ఆ ద్వేషమునుండి ఆమెను వెలికి తెచ్చినది ఉపదేశము కాదు, మన్ను. చేతులు మట్టిలో పెట్టి, విత్తిన గింజ మొలకెత్తుట చూచుచు, రూపమనగానేమో మొదటినుండి నేర్చుకొన్నది. తరువాత ఆమెకొక సహచరుడును దొరకెను. స్త్రీజన్మకు సాఫల్యము పురుషుని సాహచర్యమునందే కలదా యని సీతకు సందేహము కలుగగా, అట్లు కాదని తెలిసిన పిమ్మటనే తనకీ సాహచర్యము లభించినదను నర్థముతో శూర్పణఖ సమాధానము చెప్పును. మేమిచ్చట ఆగి మరల చదివితిమి. వాల్మీకి శూర్పణఖను వృద్ధగాను, విరూపగాను వర్ణించి, ఆమె కోరికను హాస్యాస్పదము చేసెను. వయస్సు మీఱిన స్త్రీ యొక్క కోరిక యనగానే మనకు నేటికిని నవ్వు వచ్చును. మన నాటకములలో, చలనచిత్రములలో హాస్యము సగము దానిపైననే బ్రదుకుచున్నది. రచయిత్రి ఆ నవ్వును ఒక్క పూలతోటతో ఆర్పివేసిరి.

సంస్కృతము చదివిన మావంటివారు మఱచు సంగతి యొకటి యున్నది. శూర్పణఖయు సీతయు మరల కలిసికొనుట తెలుగు స్త్రీలకు క్రొత్త గాథ కాదు. మన యిండ్లలో ముత్తవ్వలు పాడుకొన్న రామాయణపు పాటలు కలవు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు మొదలైనవి ఆ కోవలోనివి. ఆ పాటలలోనే శూర్పణఖ సన్న్యాసిని వేషముతో అయోధ్యకు వచ్చి, రావణుని బొమ్మ వ్రాయుమని సీతను నిర్బంధించును. తలయెత్తి చూడని సీత వానికాలి బొటనవ్రేలు మాత్రమే యెఱుగును, దానినే వ్రాయును, తక్కిన రూపమును శూర్పణఖ పూర్తిచేయును, ఆ బొమ్మయే సీతను అడవులపాలు చేయును. మా తాతగారు సంస్కృత శ్లోకములు వల్లెవేయుచుండగా పెరటిలో మా నాయనమ్మ ఇట్టి పాటలు పాడుకొనెడిదట. ఆయన వానిని ఆడువారి గొడవలని త్రోసివేసెడివారట. మేమును నిన్నమొన్నటివఱకు అట్లే తలచితిమి. ఆ పాటలు ఇంటిలోపలి స్త్రీ కష్టమును ఎంతో మెలకువతో చెప్పినను, ఒక స్త్రీకి శత్రువు మఱియొక స్త్రీయే యను నూలిపోగును మాత్రము వదలలేదు. ఓల్గా గారు పట్టుకొన్నది ఆ పోగునే. అవే రెండు పేర్లు, అదే యడవి. ఇరువురిని ఎదురెదుట కూర్చుండబెట్టి, కొట్లాడుకొనుటకు మీకేమి కారణమున్నదో చెప్పుడని యడిగినట్లున్నది. చెప్పుటకేమియు దొరకలేదు.

అహల్య, రేణుకల కథలలో మాటలు ఎక్కువ, నడక తక్కువ. అయినను వానిలో నొక విశేషమున్నది. ఆ సమావేశములు సీత చిన్ననాటివి. భర్తతో అడవులలో తిరుగు దినములలో ఆమె ఈ ఇరువురి మాటలు వినును. అహల్య ఇంద్రుని ఎఱిగియే అంగీకరించెనని వాల్మీకి యనెను, ఎఱుగక మోసపోయెనని తరువాతివారనిరి. ఓల్గా గారి యహల్య ఈ రెంటిలో ఏది నిజమో చెప్పదు. ఆ విచారణ జరుపు నధికారము మీకెవరిచ్చిరని యడుగును. ఏనాడును విచారణకు ఒప్పుకొనకుమని సీతకు చెప్పును. తల నఱికిన కొడుకును కన్న రేణుక, భర్తయే లోకమనియు బిడ్డలే లోకమనియు నమ్ముకొనుట యెంత ప్రమాదమో చెప్పును. పడుచుదనమున ఉన్న సీతకు ఆ మాటలు చేదుగా నుండును. ఆమె విని, నొచ్చుకొని, వెడలిపోవును. అటుపిమ్మట లంక, అగ్ని, అయోధ్య, మరల అడవి. అప్పుడు గాని ఆ మాటలకర్థము తెలియదు.

నడివయస్సులో స్త్రీ తన్ను తాను తెలిసికొనుట యనగా నేమో ఈ పుస్తకము ఇక్కడ చూపినంత సూటిగా మఱియెచ్చటను చూపలేదని మా యభిప్రాయము. క్రొత్త జ్ఞానమేదియు ఆకాశమునుండి ఊడిపడదు. ఎప్పుడో ఎవరో అత్తయో, విధవయైన మేనత్తయో, పొరుగింటి చెడిన స్త్రీయో చెప్పిన మాట, ఆనాడు ముఖము చిట్లించుకొని విన్నమాట, ఇరువదియేండ్లు ఎక్కడో మూలనుండి ఒకనాడు తటాలున లేచి కూర్చుండును. మలయాళకవి కుమారన్ ఆశాన్ 1919 లో వెలువరించిన ‘చింతావిష్టయైన సీత’ యందును సీత ఇట్లే తలపోయును. కొడుకులు వాల్మీకితో అయోధ్యకు పోయిన పిమ్మట ఆశ్రమమున ఒంటిగా కూర్చుండి, ఒక సాయంకాలమంతయు తన బ్రదుకును తిరుగవేసికొనును. గొప్ప కావ్యము. కాని ఆ సీత ఏకాకిని. ఆమె తనకుతానే సమస్తమును తెలిసికొనవలెను. ఓల్గా గారి సీతకు నలుగురు స్త్రీలు తోడు. తనకంటె ముందు దెబ్బలు తిన్నవారు. భవభూతి సంగతి చెప్పనే యక్కఱలేదు. ఉత్తరరామచరితమును మేము ప్రాణముతో సమానముగా చదివినవారము. మూడవ యంకమున గంగ వరముచే సీత ఎవరికిని కనబడక పంచవటిలో తిరుగుచు, తనకొఱకు మూర్ఛిల్లు రాముని చూచుచుండును. చదివినప్పుడెల్ల మాకు గొంతు పట్టుకొనెడిది. ఇప్పుడు చదివినచో, పండ్రెండేండ్ల పిమ్మట ఆమెకు దొరకినది అదృశ్యముగా నిలిచి భర్త దుఃఖమును చూచు నవకాశము మాత్రమే కదా యను నాలోచన తొలగుటలేదు. ‘విముక్త’ మాకీ నష్టము కలిగించినది. దానిని నష్టమనవచ్చునో లేదో తెలియదు.

ఇచ్చట మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. విమర్శకుడు తన యిల్లు దాచుకొని పరులవ్రాతలపై తీర్పు చెప్పుట న్యాయము కాదు.

మా గృహిణికి నలువదిమూడేండ్లు. ఇంటరుమీడియేటు మొదటి సంవత్సరమున నుండగా వివాహమైనది, రెండవ సంవత్సరపు పరీక్షను మా బిడ్డ పుట్టిన పిమ్మట ఎట్లో ముగించినది, అంతటితో సరి. రెండేండ్ల క్రిందట మా యమ్మాయి చదువునకై పట్టణపు వసతిగృహమునకు వెడలినది. ఆ వేసవిలో ఆమె సార్వత్రిక విశ్వవిద్యాలయపు బి.ఏ. దరఖాస్తు తెచ్చి మా బల్లపై నుంచినది. మేము చూచి, "ఇప్పుడెందుకు?" అంటిమి. కోపముతో ననలేదు. పరిహాసముగానైన ననలేదు. నిజముగనే తెలియక యడిగితిమి. ఉద్యోగము చేయవలసిన యక్కఱ లేదు, బిడ్డకు చెప్పవలసిన పాఠములు లేవు, మఱి యెందుకు? ఆమె మాఱుమాటాడక కాగితమును మడిచి లోపల పెట్టినది.

మేము 39 ఏండ్ల వయస్సున ఆంగ్లమున రెండవ ఎం.ఏ. వ్రాసితిమి. మా జీతమునకు దానివలన ఒక్క రూపాయియు పెరుగలేదు. పెరుగదని ముందే యెఱుగుదుము. ఆ రెండు సంవత్సరములు తెల్లవాఱుజామున నాలుగు గంటలకు మాకు కాఫీ పెట్టి యిచ్చినది ఆమెయే. ఉత్తీర్ణులమైననాడు ఇంట పాయసము వండిరి. ఎందుకని మమ్మెవ్వరును అడుగలేదు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటాడిన వారము, వ్యాసములు వ్రాసిన వారము. బాలికల విద్య యని ఎన్నిమార్లు వ్రాసితిమో లెక్కలేదు. ఆ మాటలోని ‘బాలికల’ యను పదము ఎంత సుఖమైన పదమో అప్పుడు తెలియలేదు. మన సంస్కరణమంతయు పదేండ్ల పిల్లను బడికి పంపుటతో మొదలై, ఇరువదియేండ్లకు ఆమె పెండ్లితో ముగియును. ఆ తరువాతి నలువది యేబదియేండ్లకు మనయొద్ద కార్యక్రమమేదియు లేదు.

ఈ పత్రికకై ‘విముక్త’ను గూర్చి వ్రాయుదమని తెచ్చి చదువుచుండగా, ఆమె మూడు మధ్యాహ్నములలో దానిని మాకంటె ముందే ముగించినది. ఎట్లున్నదని యడిగితిమి. "బాగుంది. కాని సీతమ్మ తోటలో కూర్చుని అంతసేపు మాట్లాడితే ఆ పూట పిల్లలకు అన్నం ఎవరు వండారండీ?" అన్నది. మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు. తరువాత ఆలోచింపగా, ఇంతకంటె సూటియైన విమర్శ ఈ పుస్తకముపై మేమెచ్చటను చదువలేదని తోచినది.

నిజమే. ఈ కథలలో చర్చ కనబడినంతగా పని కనబడదు. శూర్పణఖ తోటపని, రేణుక యిసుకతో చేయు కుండల పని యున్నవి; ఆ రెండు తావులందును రచన బలముగా నున్నది. పని లేని తావుల మాటలు గాలిలో తేలుచున్నవి. అడవిలో ఇద్దఱు బిడ్డలను పెంచిన స్త్రీకి నీరు మోయుట, కట్టెలేఱుట, జ్వరమువచ్చిన పిల్లవాని తలాపున మేలుకొనుట యుండవా? నడివయస్సున స్త్రీ తనకొఱకొక గంట తీసికొనవలెనన్న, ఆ గంటను ఎవరి చేతినుండియో లాగికొనవలెను. ఆ లాగులాట కథలో కనబడినచో సీత విముక్తి యింకను నమ్మదగినదై యుండెడిది. రెండవ లోపము భాషకు సంబంధించినది. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ నలుగురును వేర్వేఱు బ్రదుకులు బ్రదికినవారు. ఒకతె రాచకన్నె, ఒకతె రాక్షసస్త్రీ, ఇద్దఱు ఋషిపత్నులు. మాటాడునప్పుడు మాత్రము నలుగురికిని ఒక్కటే గొంతు. అందఱును స్పష్టముగా, నిర్ణయముతో, వాక్యమునకు వాక్యము చొప్పున సిద్ధాంతము చెప్పుదురు. బ్రదుకులో ఇట్టి జ్ఞానము తడబడుచు వచ్చును, సగము వాక్యమున ఆగిపోవును. సీత కూడ ఎదురు ప్రశ్నలు వేయును గాని, ఎదుటివారిని నిజముగా చిక్కున పెట్టు ప్రశ్నను ఒక్కటియు వేయదు. కాత్యాయనివంటి స్త్రీ యొక్కతె, ఇల్లే నాకు చాలునని చెప్పగల స్త్రీ, ఈ యడవిలో సీతకు తటస్థపడియుండిన బాగుండెడిది.

ఊర్మిళ కథయే పుస్తకమునకు పేరిచ్చినది. వంగదేశమున రవీంద్రుడు 1900 ప్రాంతమున, కావ్యములలో ఉపేక్షింపబడిన స్త్రీలను గూర్చి వ్రాయుచు ఊర్మిళను తలచుకొనెను. మన పాటలు ఆమెను పదునాలుగేండ్లు నిద్రపుచ్చినవి. ఓల్గా గారు ఆమెను మేలుకొల్పిరి. భర్త ఒక్కమాటయైన అడుగక వెడలిపోగా, ఊర్మిళ తలుపు మూసికొని ఆ పదునాలుగేండ్లును ఆలోచించినది. అధికారమనగానేమి, ఒకరిపై ఒకరికి అది యెట్లు కలుగుచున్నది యని ఆమె పరీక్షించుకొన్నది. నీపై నీకు గల యధికారమును తీసికొనుము, పరులపై గలదానిని విడువుము అను నర్థము వచ్చునట్లు ఆమె సీతతో చెప్పును. ఇందలి రెండవ సగమును మన సంస్కర్తలు తఱచుగా మఱచుచుందురు. కోడలిపై అత్తకు, కూతురిపై తల్లికి నడివయస్సున వచ్చు నధికారము స్త్రీలకు మనము విసరిన ఎంగిలి మెతుకు. దానిని పట్టుకొన్నవారు అదే తమ యెదుగుదల యనుకొందురు. ఊర్మిళ ఆ మెతుకు ముట్టదు.

ఇక భూప్రవేశము. ఇచ్చట మేము రచయిత్రితో పూర్తిగా ఏకీభవింపలేము. ‘విముక్త’లోని సీత, సభలో తన నిర్దోషిత్వమును చాటవలెనను కబురునకు చిఱునవ్వు నవ్వి, అట్టి ప్రకటన యొక్క యక్కఱ తనకేమున్నదని తలచును. అహల్య మాట ఇచ్చట ఫలించినది. పరీక్షకు నిలువకుండుటయే ఆమె విజయము. వాల్మీకి సీత అట్లు చేయదు. ఆమె కాషాయవస్త్రము కట్టి సభలోనికి వచ్చును. చేతులు జోడించి, తల వంచి, శపథము చేయును. పాతివ్రత్యమునకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెనని మేము బడిలో చెప్పుచుంటిమి. కాని శపథము చివర ఆమె కోరినదేమి? తన్ను మరల రాణిగా స్వీకరింపుమని కాదు, లోకము తన్ను నమ్మవలెననియు కాదు. తన మాట నిజమగునేని భూదేవి తనకు త్రోవ యీయవలెనని. రాముని మొగము వైపు చూచి చెప్పిన మాట యొక్కటియు లేదు. అడిగిన ఋజువు ఇచ్చినది. ఋజువునకు ఫలముగా లభింపవలసిన సింహాసనమును, భర్తను, కొడుకులతోడి కాపురమును కాదన్నది. ముప్పదిరెండేండ్ల వయస్సున లంకలో అగ్నినుండి వెలికి వచ్చి భర్త చేయి పట్టుకొన్న స్త్రీ, నలువదియైదేండ్ల వయస్సున అదే పరీక్షలో నెగ్గి చేయి యందీయలేదు. ఈ రెండు సీతల నడుమ పండ్రెండేండ్ల యడవి యున్నది. ఋజువీయకుండ తిరస్కరించుటకంటె, ఇచ్చి తిరస్కరించుట కావ్యమునందు బలవత్తరమని మా నమ్మకము. ఓల్గా గారి సీత నేటి యువతికి ఎక్కువ పనికివచ్చును; వాల్మీకి సీత ఎక్కువ భయపెట్టును. అయితే వాల్మీకి సీతను ఈ కంటితో చూడవచ్చునని మాకు తెలిపినది ఓల్గా గారి పుస్తకమే. ఇరువదియేండ్లు చదివిన శ్లోకములలో మాకు కనబడనిది ఈ చిన్నకథల వెలుగున కనబడినది.

కడపటి కథయైన బంధితుని గూర్చి రెండు మాటలు. రాముని దూషించి వదలుట సులభము. రచయిత్రి ఆ పని చేయలేదు. ఆర్యధర్మమను బరువు క్రింద నలిగి, కోరినది చేయు స్వాతంత్ర్యము లేని మనుష్యునిగా ఆయనను చూపిరి. సీతకు విడుదల దొరకినది, ఆయనకు దొరకలేదు. పురుషులైన చదువరులు ఈ కథను ముందు చదివి, తరువాత తక్కిన నాలుగును చదువుట మంచిదని మా సలహా. మేము అట్లు చదువలేదు. చదివియుండిన కొంత సిగ్గు ముందే తీఱియుండెడిది.

దరఖాస్తు సంగతి యేమయ్యెనని చదువరులడుగవచ్చును. గత సంవత్సరము గడువు దాటిపోయినది. ఈ సంవత్సరము ఆమెయే పోయి రుసుము కట్టి వచ్చినది. మమ్మడుగలేదు, మేమును ఎందుకని యడుగలేదు. ఆదివారములు తరగతులుండును. ఆమె ఉదయము ఏడు గంటల బస్సెక్కి, సాయంకాలము ఐదింటికి వచ్చును. ఆ పూట అన్నము మేము వండుచున్నాము. మొదటి రెండు వారములు మాడినది. పప్పు ఇంకను కుదురలేదు. పుస్తకము మాత్రము మా యింట లేదు. ఆమెతోపాటు బస్సులో వచ్చు నలువదియెనిమిదేండ్ల యొక సహాధ్యాయిని తీసికొని పోయినదట. ఎత్తిచూపవలసిన పుటలను సరిచూచుకొనుటకై రెండుమార్లు అడిగించితిమి. వారింట ఇంకను ఇద్దఱు చదువవలసియున్నదని కబురు వచ్చినది.